పుట్టి జాగ

అర్జీ చూడగానే అది ఆఫీసులో ముందుకు కదులుతుందో, ఏదో ఒక బీరువాలో పడి ఉంటుందో చెప్పేయగలను. మా మండల కేంద్రంలో తహసీలు ఆఫీసుకు ఎదురుగా ఒక జిరాక్సు మిషనూ, ఒక పాత కంప్యూటరూ పెట్టుకుని అర్జీలు రాసే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో గుమ్మంలో నిలబడి నన్ను చూసి "రాసెటాయన లేడా అమ్మా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఒక పూట దుకాణం తెరవకపోతే ఇంటికి ఫోన్లు చేస్తారు. చేతిలో పని ఉన్న మనిషికి కొంచెం పొగరు ఉంటుంది. నాకు కొంచెం ఎక్కువే ఉంది, దాచుకునే ఉద్దేశం కూడా లేదు. అయితే ఆ పొగరుతోనే ఒకసారి మా చిన్నమ్మ అర్జీని చేతులారా చెడగొట్టాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ఆత్మకూరు దాటి ఇంకొంత దూరం పోతే కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆమె బతుకంతా పుట్టి మీదే.

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. వెనకటికి దానికి తోలు కప్పేవారట. నేను చూసేసరికి యూరియా సంచులు కప్పి, వాటి మీద డాంబరు కాచి పూసేవారు. లోపల కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, నీళ్లు చేతికి అందుతాయి. ఒక్క తెడ్డుతో నడపాలి. తెలియనివాళ్ల చేతికి తెడ్డు ఇస్తే అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. చిన్నమ్మ చేతిలో మాత్రం చెప్పినట్టు వింటుంది. పొద్దున్నే వల తీసి చేపలు తెచ్చేది. ఆ తర్వాత నది నడుమ ఉన్న గడ్డ మీద పొలాలున్నవాళ్లనూ, అక్కడికి కూలికి పోయేవాళ్లనూ దాటించేది.

ఊరి నుంచి నదికి పోయే బాట చివర ఒక వెడల్పాటి పరుపు బండ ఉంది. వానలు మొదలుకాక ముందే పుట్టిని ఆ బండ మీదికి తెచ్చి, బోర్లించి, చీపురుకట్టతో డాంబరు పూసేవాళ్లు. ఎండకు అది ఆరేదాకా రెండు రోజులు అక్కడే ఉంచేవాళ్లు. చిన్నప్పుడు సెలవులకు పోయినప్పుడు నేను ఆ పక్కనే కూర్చుని కొత్త పావడకు డాంబరు అంటించుకుని వచ్చాను. అమ్మ నన్ను కొట్టి, ఆ తర్వాత చెల్లెలిని తిట్టింది. ఆ బండనూ, దాని చుట్టూ ఉన్న ఇసుకనూ కలిపి ఊళ్లో అందరూ పుట్టి జాగ అనేవాళ్లు. వేరే పేరు ఎవరి నోటా నేను వినలేదు.

తెలంగాణ వచ్చి, మా పెద్ద జిల్లాను ముక్కలు చేసి కొత్త జిల్లాలు చేశాక, నది కనబడే భూముల కోసం పట్నం నుంచి కార్లు రావడం మొదలైంది. ఆ ఒడ్డు మీది చేను ఒకాయన కొన్నాడు. ఒక వారంలోనే చుట్టూ కడీలు పాతించి తీగ కట్టించాడు. నది దాకా పోయే బాటా, పుట్టి జాగా ఆ కంచె లోపలే పడ్డాయి. అక్కడ గదులు కట్టించి, మోటారు పడవలు తెప్పించి, వచ్చినవాళ్లను నదిలో తిప్పుతాడని ఊళ్లో అనుకున్నారు. చిన్నమ్మ పుట్టి కంచె లోపల, తెడ్డు ఇంట్లో.

ఆమె ఆటో ఎక్కి నా దుకాణానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రాయి బిడ్డా. పుట్టి జాగకు పొయ్యే బాట మూసిండ్రు. పుట్టి దింపనిస్తలేరు. మా అవ్వ కాలం సంది గా బండ మీదనే పుట్టి బోర్లేస్తున్నం. గంతే. ఇంకేం లేదు."

నిజానికి అంతకంటే మంచి అర్జీ ఉండదు. మూడు వాక్యాల్లో మొత్తం ఉంది. కానీ నాకు అది సరిపోలేదు. పుట్టి అంటే పెద్ద ఆఫీసర్లకు ఏం తెలుస్తుంది, నవ్వుకుంటారు అనుకున్నాను. సొంత మనిషి అర్జీ కదా, నా విద్యంతా చూపించాలనుకున్నాను. "కృష్ణా నదీ తీరమునందు గల నావల రేవునకు వెళ్లు రహదారిని అక్రమముగా నిర్బంధించినారు" అని మొదలుపెట్టి పేజీన్నర రాశాను. రాశాక గొంతు సవరించుకుని ఆమెకు చదివి వినిపించాను.

చిన్నమ్మ చెవి పెట్టి అంతా వింది.

"నేను చెప్పిందే రాసినవా?"

"నువ్వు చెప్పిందే రాసిన చిన్నమ్మా. జర మంచిగ రాసిన, గంతే."

ఆమె ఇంకేమీ అడగకుండా బొటనవేలు ముందుకు చాపింది. నేను ఇంకు పూసి వేలిముద్ర వేయించాను.

జవాబు త్వరగానే వచ్చింది. సదరు సర్వే నంబరులో నావల రేవు గాని, రహదారి గాని రికార్డులో లేవని రెండు ముక్కలు. నాకు ఒళ్లు మండింది. నా అర్జీకి రెండు ముక్కల జవాబా? ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటి నేరుగా గిర్దావరు దగ్గరికి పోయాను. భూముల తగాదాలొస్తే మోక మీదికి, అంటే ఆ జాగకే వచ్చి చూసి రిపోర్టు రాసేది గిర్దావరే. ఆయన నెమ్మదస్తుడు. నేను అరిచినంతసేపు అరవనిచ్చి, కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు.

"నావ అని ఏడున్నదో నువ్వే సూపియ్యమ్మా. ఉంటే ఇప్పుడే రాస్త."

చూశాను. నావ లేదు, రేవు లేదు. చివరి గడిలో మాత్రం "పట్టీ జాగా" అని ఉంది.

"ఇదేంది సార్?"

"పట్టీ అంటే ఏంది, సన్నపు ముక్క. చేనుకు ఆనుకొని ఉన్న ముక్క జాగ. ఎనకట రికార్డు ఉర్దూల ఉండె. దాన్ని తెలుగులకు మార్చినప్పుడు గట్ల ఎక్కింది. చేనుతోటి పాటు గదీ అమ్ముడువోయింది."

నేను దుకాణానికి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. పట్టీ జాగా, పట్టీ జాగా అని రెండుసార్లు పైకే అనుకున్నాను. మూడోసారికి నోరు దానంతట అదే పుట్టి జాగ అంది. 

ఆ వారంలోనే మా పాత జిల్లా కేంద్రం పాలమూరుకు పోయి పాత ఉర్దూ రికార్డు నకలు తీయించుకున్నాను. నాకు ఉర్దూ మాటలు వస్తాయి గానీ అక్షరాలు రావు. పాత బజారులో ఒక చాచా ఉండేవాడు. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పి పింఛను తీసుకుంటున్నాయన. మా వైపు నుంచి పాత కాగితాలు పట్టుకుని పోయేవాళ్లందరికీ ఆయనే చదివిపెట్టేవాడు. అద్దాలు తుడుచుకుని, నా నకలును కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు.

"పే, టే, యే. మూడే హరూఫ్, మూడక్షరాలే ఉన్నయి బేటీ."

"ఏమని చదవాలె చాచా?"

"గదే తమాషా. ఉర్దూల పొట్టి అచ్చులు రాయరు. పే మీద జబర్ గుర్తు అనుకుంటే పట్టీ అయితది. పేష్ గుర్తు అనుకుంటే పుట్టి అయితది. రాసినాయనకు ఎరుకనే. తెలుగుల ఎక్కించినోడు ఎన్నడూ కిష్ణకు పోయి ఉండడు, అందుకని పట్టీ అనుకున్నడు."

ఆయన చాయ్ తెప్పించాడు. నేను తాగుతూ కూర్చున్నానే గానీ రుచి తెలియలేదు. నది తెలియని గుమాస్తా ఎవరో ఒక గుర్తును తప్పుగా ఊహించుకున్నాడు, ఆయనను ఏమనగలను? నేను మాత్రం నదిని ఎరుగుదును. పుట్టిలో కూర్చుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయినదాన్ని. చిన్నమ్మ నోటితో చెప్పిన మాటను చెవులారా విని, దాన్ని తీసేసి నావ అని రాశాను. పుట్టి అని రాసి ఉంటే గిర్దావరు కళ్లు పట్టీ మీద ఒక్క క్షణమైనా ఆగేవి. ఆయన కాకపోతే నా కళ్లే ఆగేవి. నాకు చాలా సిగ్గేసింది. 

రెండో అర్జీ పది వాక్యాల్లో రాశాను. పుట్టి అనే మాట అందులో నాలుగు చోట్ల ఉంది. ఉర్దూ నకలు జత చేశాను. మోక మీద విచారణకు తారీఖు వచ్చింది.

కానీ కంచె వేసినాయన కూడా ఊరుకునే మనిషి కాదు. పట్టీయే సరైన మాటని ఆఫీసుకు కాగితం పెట్టి, అందులో ఇంకో మాట కూడా రాశాడు. అసలు ఆ బుట్టకు ఏ అనుమతీ లేదు, అనుమతి లేని పడవలో మనుషులను ఎక్కిస్తున్నారు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అని. చదివి నాకు మండింది గానీ, ఆ ప్రశ్న మాత్రం తప్పు కాదు. రూల్సు తెప్పించుకుని కూర్చుని చదివాను. నది ఎవరి పట్టా కాదు. పుట్టి జాగ రికార్డులో ఉంటే దానికి పోయే బాటను మూసే హక్కు చేను కొన్నవాళ్లకు రాదు. అక్కడి దాకా మనదే పైచేయి. చేపలు పట్టడానికి చిన్నమ్మకు మత్స్యకారుల సంఘం కార్డు ఉంది. అదీ సరే. మనుషులను దాటించడానికి మాత్రం ఆమె దగ్గర ఏ కాగితమూ లేదు. దానికి అనుమతి కావాలి, పుట్టిని తనిఖీ చేయించాలి, ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు ఉండాలి.

ఆ మాటే ఆమెకు చెప్పాను. బాట తెరిచినా కాగితం వచ్చేదాకా మనుషులను ఎక్కించవద్దన్నాను.

"మరి గడ్డ మీదికి నాట్లేసెటోళ్లు ఎట్ల వోవాలె?" అని లేచింది.

"చుట్టు తిరిగి పక్కూరి పడవల పోతరు. కొన్ని రోజులు. ఆయనకు రూల్ సూపిస్తున్నం గదా చిన్నమ్మా, మరి మనకు రూల్ లేదా?"

ఆమెకు కోపం వచ్చింది. రెండు రోజులు నా ఫోను ఎత్తలేదు. మూడో రోజు తనే చేసి, "సరే, ఎవరిని ఎక్కియ్య" అని పెట్టేసింది.

విచారణ రోజు పొద్దున గిర్దావరు టేపు పట్టుకుని వచ్చాడు. కంచె గేటు తీయించారు. చేను కొన్నాయన కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. నమస్కారం పెట్టి, "నాకు ఎవరి మీదా కోపం లేదమ్మా, కాగితంలో ఏముందో అదే నేను కొనుక్కున్నాను" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే నాకు భయం వేసింది. కాగితానికి రెండు అర్థాలున్నప్పుడు ఎవరి అర్థం నిలుస్తుందో చెప్పలేం.

"పట్టీనా, పుట్టినా, రెండూ ఒకటే తీరుగ ఉన్నయంటున్నవు," అన్నాడు గిర్దావరు నాతో. "నేను ఏది నమ్మాలె?"

నేను చాచా చెప్పిన పేష్, జబర్ల గురించి వివరించడం మొదలుపెట్టాను. చిన్నమ్మ నా మాటలు పట్టించుకోలేదు. నది దాకా పోయి బిందెతో నీళ్లు తెచ్చి బండ మీద కుమ్మరించింది. మళ్లీ పోయింది. మళ్లీ కుమ్మరించింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చీపురుతో ఇసుకంతా ఊడ్చింది.

బండ మీద నల్లటి చుట్లు బయటపడ్డాయి. ఒకటి కాదు. ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కి, కొన్ని మసకగా, కొన్ని కొత్తగా, బండ నిండా డాంబరు చుట్లే. పుట్టిని బోర్లించి డాంబరు పూసినప్పుడు అంచు నుంచి కారింది బండకు అంటుకుని, ఏడాదికి ఇంత చొప్పున అట్లాగే ఉండిపోయింది. చిన్నప్పుడు నా పావడకు అంటిన డాంబరు కూడా ఇక్కడిదే. ఎన్నోసార్లు ఆ బండ మీద కూర్చున్నదాన్ని, నాకే తట్టలేదు.

చిన్నమ్మ తన పుట్టిని దొర్లించుకుంటూ తెచ్చి ఒక చుట్టు మీద బోర్లించింది. అంచు సరిగ్గా దాని మీద కూర్చుంది. ఎత్తి పక్క చుట్టు మీద పెట్టింది. అక్కడా సరిపోయింది. చివరన ఒక చిన్న చుట్టు ఉంది, మిగతావాటికంటే బాగా పాతది. దాని మీద పెడితే పుట్టి పెద్దదయింది.

"గిది మా అవ్వ పుట్టిది," అంది. "అప్పుడు చిన్నగ అల్లెటోళ్లు."

గిర్దావరు కూర్చుని తాళంచెవితో ఆ చిన్న చుట్టును గీకాడు. అది రాయిలా గట్టిపడి ఉంది, మీద పాచి పట్టి ఎండిపోయిన మరకలున్నాయి. టేపుతో అన్నింటినీ కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. కొన్నాయన ఒక్కసారి, "ఈ మధ్య ఎవరైనా పూసి ఉండొచ్చు కదా" అన్నాడు. గిర్దావరు ఆ ఎండిన పాచినే వేలితో చూపించాడు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"సారూ," అంది చిన్నమ్మ, "గీ బండ మీద ఎవరన్న గింజలు అలుకుతరా? చేనుల ముక్క ఎట్లయితది గిది?"

అప్పుడు మాత్రం గిర్దావరు నవ్వాడు. ఆ నవ్వు చూసి నా ప్రాణం కుదుటపడింది.

మనుషులను దాటించే అనుమతి కోసం నేను తీసుకుపోయిన ఫారం కూడా అక్కడే నింపుదామన్నాడు. తనిఖీకి వచ్చే ఆఫీసరుకు తను రాసిన వివరాలు పనికొస్తాయన్నాడు. కానీ ఆ ఫారం పెద్ద పడవల కోసం చేసింది.

"పొడవు ఎంత, వెడల్పు ఎంత?"

"గుండ్రంగున్నదానికి పొడుగేంది, అడ్డమేంది సారూ? ఏ దిక్కు నుంచి కొలిచినా గంతే."

"ముందు భాగం ఏది, వెనక భాగం ఏది?"

"నేను ఎటు మొఖం పెట్టి కూసుంటే గదే ముందు."

గిర్దావరు కలం నా చేతికిచ్చాడు. నేను ఆ గడుల్లో "గుండ్రని పుట్టి" అని రాసి, అడ్డంగా ఒకే కొలత వేశాను. ఎంతమందిని ఎక్కిస్తావని అడిగాడు. ఈ కొలతకు రూల్ ప్రకారం ఏడుగురి దాకా పోవచ్చేమో అన్నాడు.

"ఐదుగురే," అంది చిన్నమ్మ. "ఆరో మనిషి మావోడైనా దించుత. ఎవరూ నిలవడొద్దు. వరదకు నీళ్లు ఎర్రగయినంక పుట్టి దించ. గాలి లేస్తే పెద్ద దొర వచ్చి కూసున్నా దించ. పొద్దు గూకినంక ఎవరు బతిలాడినా దించ."

"గివన్నీ ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మా అవ్వ."

ఆయన అవన్నీ వరుసగా రాసుకున్నాడు. జాకెట్ల దగ్గర మాత్రం ఆమె మొండికేసింది. అవి తొడుక్కుంటే తెడ్డు వేసే చెయ్యి ఆడదంది. పుట్టికి కట్టే రెండు మూత బిగించిన ఖాళీ క్యాన్లు చూపించింది. క్యాన్లు చెల్లవన్నాడు గిర్దావరు. అక్కడ నేను ఆయన పక్షమే. జాకెట్టు లేకపోతే అర్జీ వెనక్కి తీసుకుంటానని బెదిరించాను. నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని అద్దంలో చూసుకున్న రోజు, "పెండ్లికొడుకు లెక్కున్న" అని తనే నవ్వింది. చెయ్యి బాగానే ఆడింది.

మొదట బాట గురించిన ఉత్తర్వు వచ్చింది. కడీలు రెండు వైపులా జరిగి, మధ్యలో ఎడ్లబండి పట్టేంత దారి మిగిలింది. తనిఖీ అయ్యాక రెండో కాగితమూ వచ్చింది. ఐదుగురు మనుషులు, ఐదు జాకెట్లు, నడిపే మనిషికి ఇంకొకటి. అంచు మీద తెల్ల రంగుతో నంబరు. కొన్నాయన తన మోటారు పడవ కోసం అదే ఫారం నింపించుకోవడానికి నా దుకాణానికే వచ్చాడు. మర్యాదగానే నింపిపెట్టాను. ఆయన ఫారంలో పొడవు, వెడల్పు అన్నీ ఉన్నాయి.

రెండు కాగితాలూ పట్టుకుని నేనే ఊరికి పోయాను. వానలకు ముందు రోజులవి. చిన్నమ్మ బండ మీద డాంబరు పూస్తోంది. బాట మీద ఎవరో ఎడ్లను నీళ్లకు తోలుకుపోతున్నారు. చేతులు తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"సదువు."

చదివాను. "సదరు సర్వే నంబరులోని పుట్టి జాగ, దానికి పోవు బాట ప్రజలందరి వాడకంలో ఉన్నవి. వాటిని మూయరాదు."

"మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"పుట్టి అని ఏడ రాసిండ్రు?"

వేలు పెట్టి చూపించాను. ఆమె కాగితం మీదికి వంగి, మూడంగుళాల దూరం నుంచి ఆ రెండక్షరాలను చాలాసేపు చూసింది.

"నేను చెప్పిందే రాసినవా?"

"ఈపాలి నువ్వు చెప్పిందే రాసిన చిన్నమ్మా. మొదటిపాలి రాయలే. అబద్ధం చెప్పిన."

"ఎరుకే," అంది. "నువ్వు సదువుతాంటే ఇన్న గదా. గంత పెద్ద కాగితంల పుట్టి అన్న మాట ఒక్కపాలి గూడ ఇనవడలే."

"మరి అప్పుడే ఎందుకు అనకపోతివి?"

చిన్నమ్మ చీపురుకట్ట తీసుకుని మళ్లీ పుట్టి దగ్గరికి నడిచింది. డాంబరు డబ్బాలో దాన్ని ముంచి, నా వైపు తిరగకుండానే చెప్పింది.

"సదువుకున్నదానివి గదా బిడ్డా. కాగితం మీద గా మాటకు జాగ ఉండదేమో అనుకున్న."